సిస్ప్లాటిన్ కిడ్నీ జోలికి పోకుండా ఉండాలంటే: నా ఎం.ఫార్మ్ ప్రాజెక్టు డైరీ

జూన్ చివర

టాపిక్ ఓకే అయిపోయింది. సిస్ప్లాటిన్‌ని నానోపార్టికల్స్‌లో పెట్టి నోటి క్యాన్సర్ కణాల దగ్గరికి పంపించడం. సిస్ప్లాటిన్ అంటే క్యాన్సర్‌కి ఇచ్చే కీమో మందు, నానోపార్టికల్స్ అంటే కంటికి కనపడనంత చిన్న రేణువులు. మా గైడ్ మేడం ముందు కర్‌క్యుమిన్ తీసుకోమన్నారు, పసుపులో ఉండేది, చవక, చేతికి ప్రమాదం లేదు, రంగు ఉంటుంది కాబట్టి కొలవడం తేలిక, మా సీనియర్లు చాలామంది దానిమీదే చేశారు. డాక్సోరుబిసిన్ అనే ఇంకో క్యాన్సర్ మందు అన్నా సరే అనేవారే, దానికి 1995లోనే అమెరికాలో డాక్సిల్ అనే లైపోసోమ్ (కొవ్వు బుడగలో పెట్టిన) మందుకి పర్మిషన్ వచ్చింది, దారంతా ఎవరో వేసి ఉంచారు. నేను మాత్రం సిస్ప్లాటినే కావాలని పట్టుబట్టాను. ఎందుకో ఇక్కడ రాసి పెట్టుకుంటాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు. ఉద్దానం అంటే కొబ్బరితోటలు, జీడితోటలు, వాటితోపాటు కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో షుగర్ లేకుండా బీపీ లేకుండా పొలం పని చేసుకునే మనిషికి కిడ్నీలు పాడైపోతుంటాయి, కారణం ఇదీ అని సైన్స్ ఇప్పటికీ తేల్చలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు, పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి. మంచిదే. కానీ కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి వేరే జబ్బు రాదని ఎక్కడా రాసి లేదు కదా.

మన జిల్లాలో సముద్రం పక్క ఊళ్ళలో పెద్దవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటాం. నిప్పు లోపలుంటే ఆ వేడీ పొగా నేరుగా అంగిలికే తగుల్తాయి. మిగతా చోట్ల అంగిలి క్యాన్సర్ అరుదు, అడ్డపొగ ఉన్నచోట అరుదు కాదు, ఆ సంగతి మీద జరిగిన రీసెర్చ్‌లో శ్రీకాకుళం పేరు ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు నోరు, గొంతు క్యాన్సర్ ముదిరితే రేడియేషన్‌తోపాటు ఇచ్చే మెయిన్ మందు ఏది అంటే సిస్ప్లాటిన్. మూడు వారాలకోసారి ఒంటి చదరపు మీటరుకి 100 మి.గ్రా., లేదంటే వారం వారం 40 మి.గ్రా. లెక్కన ఇస్తారు. ఆ మందు మొట్టమొదట దెబ్బకొట్టేది కిడ్నీనే. అందుకే ఇచ్చే ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష) చూస్తారు, ముందూ వెనకా సెలైన్ బాటిళ్ళు ఎక్కిస్తారు, మెగ్నీషియం ఇస్తారు, కిడ్నీ వడపోత మరీ తక్కువుంటే మందే ఇవ్వరు.

అంటే అడ్డపొగ తాగిన ఉద్దానం మామ్మకి క్యాన్సర్ వస్తే ఆ మందు ఇవ్వడానికి డాక్టర్ చెయ్యి రాదు. మా వీధిలో అలా ఒకామెని చూశాను, అంతకు మించి ఇక్కడ రాయను.

అందుకే నాకు టార్గెటెడ్ (మందుని కావాల్సిన చోటికే పంపడం) అంటే మందు ట్యూమర్‌లోకి ఎంత వెళ్ళింది అన్నది రెండో ప్రశ్న, కిడ్నీలోకి ఎంత వెళ్ళలేదు అన్నదే మొదటి ప్రశ్న. ప్రాజెక్టు మొత్తం ఈ వరసలోనే నడపాలని మేడంకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి "మంచిది, కానీ కొలిచి చూపించాలమ్మా" అన్నారు.

జూలై, వానలు

చదవడం, సామాన్లు తెప్పించడం అయ్యాయి. సిస్ప్లాటిన్ పొడి వచ్చింది, చిన్న సీసా, నిమ్మరంగు. డబుల్ గ్లోవ్స్, మాస్క్, వేస్ట్‌కి వేరే డబ్బా.

ఈ అణువు ఎంత చిన్నదంటే మాలిక్యులర్ వెయిట్ 300 మాత్రమే. మధ్యలో ప్లాటినం, ఒకవైపు రెండు అమ్మోనియాలు, రెండోవైపు రెండు క్లోరైడ్‌లు. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ, సుమారు 100 మిల్లీమోలార్, అందుకని అక్కడ మందు పెద్దగా మారకుండా తిరుగుతుంది, కణం లోపలికెళ్ళాక క్లోరైడ్ బాగా తక్కువ కాబట్టి ఆ క్లోరైడ్‌లు ఊడిపోయి నీళ్ళు వచ్చి చేరతాయి, అప్పుడు ప్లాటినం పోయి డీఎన్ఏని పట్టుకుంటుంది. 1965లో రోజెన్‌బర్గ్ అనే ఆయన అమెరికాలో బాక్టీరియాకి కరెంటు పెట్టి చూస్తుంటే అవి విడిపోవడం మానేసి దారాల్లాగా పొడుగ్గా పెరిగాయి, కారణం కరెంటు కాదు, ప్లాటినం ఎలక్ట్రోడ్ నుంచి కరిగిన ప్లాటినం అని తేలింది, అది మందుగా 1978లో బయటికొచ్చింది.

కిడ్నీకి ఎందుకు కష్టం అంటే అణువు చిన్నది కాబట్టి వడపోతలో ఇట్టే దాటేస్తుంది, దానికి తోడు కిడ్నీ గొట్టాల కణాల మీద ఓసీటీ2 అనే ట్రాన్స్‌పోర్టర్ ఉంటుంది, అది రక్తంలో ఉన్న మందుని లాక్కుని లోపల పోగేసుకుంటుంది. కిడ్నీ వడపోత జల్లెడలోంచి సుమారు 6 నానోమీటర్ల లోపువే సులువుగా దాటతాయి. నా పార్టికల్ 150, 200 నానోమీటర్లు ఉంటే అది దాటలేదు. ఐడియా ఇంతే. కానీ పార్టికల్ దాటకపోయినా దాన్లోంచి ముందే కారిపోయిన మందు దాటేస్తుంది కదా. నా అసలు శత్రువు అదే, బర్స్ట్ రిలీజ్, అంటే మొదట్లోనే మందు ఒక్కసారిగా బయటికి రావడం.

మందుని ఊరికే లోపల ఇరికిస్తే కారిపోతుంది, కట్టేయాలి. ప్లాటినం క్లోరైడ్‌ని వదిలి కార్బాక్సిల్ గ్రూపుని పట్టుకోగలదు, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌లో అవి బోలెడు ఉంటాయి. కాబట్టి ఆల్జినేట్ గొలుసుకి ప్లాటినంని తగిలించి, ఆ గొలుసునే పార్టికల్‌గా చుట్టడం. ఒళ్ళోకి వెళ్ళాక అక్కడున్న క్లోరైడ్ మళ్ళీ మెల్లగా ప్లాటినంని విడిపిస్తుంది. కార్బాక్సిల్ తాళం, క్లోరైడ్ తాళంచెవి.

ఆగస్టు

లోడింగ్, అంటే గొలుసుకి మందు తగిలించడం, మొదలెట్టాం. సెలైన్‌లో కాదు, మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో, ఎందుకంటే సెలైన్‌లో క్లోరైడ్ ఉంటే మందు గొలుసుకి అంటుకోదు. ఇంకోటి, ఎవరైనా ఈ పని మొదలెడుతుంటే వాళ్ళ కోసం రాస్తున్నా, సిస్ప్లాటిన్‌ని డీఎంఎస్ఓలో (ల్యాబ్‌లో మందులు కరిగించడానికి వాడే ద్రవం) కరిగించొద్దు. కరుగుతుంది, బాగానే కరుగుతుంది, కానీ డీఎంఎస్ఓ పోయి క్లోరైడ్ ప్లేస్‌లో కూర్చుంటుంది, మందు పనితనం పోతుంది. చాలా పేపర్లలో డీఎంఎస్ఓ వాడేసి రిజల్ట్ రాసేశారు, అవి చదివినప్పుడు జాగ్రత్తగా చూడాలి.

37 డిగ్రీల దగ్గర షేకర్‌లో రెండు మూడు రోజులు వెలుతురు తగలకుండా ఉంచాలి. ఫ్లాస్క్ బయట ఫాయిల్ చుట్టాం, ఫాయిల్ మాత్రం మందుకి తగలకూడదు, అల్యూమినియంతో ప్లాటినం రియాక్ట్ అయిపోతుంది, సూదులు కూడా స్టీల్‌వే. ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు, చల్లబడితే మందు గింజ కడుతుంది. సాయంత్రం ల్యాబ్‌లో లైట్లు తీసేసి పనిచేస్తుంటే అటెండర్ బాబాయ్ వచ్చి "సీకట్లో ఏటి సేస్తన్నావమ్మా" అని గుమ్మంలో నిలబడిపోయాడు, మందు వెలుతురికి పాడైపోద్ది బాబాయ్ అంటే అప్పట్నుంచి ఆ రూం తలుపు ఎవర్నీ తీయనివ్వట్లేదు. అలాంటి మనిషి ఒకరు ఉంటే సగం పని అయినట్టే.

అంటుకోని మందుని డయాలసిస్ గొట్టంలో పోసి కడిగేస్తాం, పలాసలో మనుషులకి చేసేదీ ఇదే సూత్రం, చిన్నవి పొర దాటతాయి, పెద్దవి లోపలే ఉంటాయి. మిగిలిన ప్లాటినం ఎంతో కొలవడానికి ఓపీడీఏ పద్ధతి, ఆర్థో ఫినైలీన్ డయమీన్ కలిపి మరిగే నీళ్ళ వేడిలో ఉంచితే రంగు వస్తుంది, దాన్ని 705 నానోమీటర్ల దగ్గర చదవాలి. మన కాలేజీలో ఉన్న మామూలు యూవీ మెషిన్‌తోనే అయిపోతుంది, కోట్లు పెట్టి కొనే మెషిన్ అక్కర్లేదు. క్యాలిబ్రేషన్ గీత సరిగ్గా వచ్చింది. అంటుకుంది కూడా, వేసిన మందులో సగానికి పైగా గొలుసు మీదే ఉంది. ఆ రోజు హాస్టల్‌లో నిద్ర పట్టలేదు.

ఆగస్టు చివర

పార్టికల్స్ వచ్చాయి. ప్లాటినం తగిలిన ఆల్జినేట్ నెగటివ్, దాన్లోకి ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించిన కైటోసాన్ బొట్టు బొట్టుగా వేస్తే, అది పాజిటివ్ కాబట్టి రెండూ చుట్టుకుని ముద్దవుతాయి. కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి తీసేదే, అమీన్ గ్రూపులు సుమారు 6.5 పీహెచ్‌కి కింద ఉంటేనే ఛార్జ్ ఉంటుంది, అందుకని పీహెచ్ 5 దగ్గర పట్టి ఉంచాం. స్టిర్రర్ మీద బీకర్ చూస్తూ ఉంటే ముందు తేటగా ఉన్న నీళ్ళు ఒక చోట లేత నీలం మెరుపుతో మసకబారతాయి, అక్కడ ఆపేయాలి, ఇంకో నాలుగు చుక్కలు వేస్తే తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. లేజర్ పాయింటర్ వేస్తే గీత కనిపిస్తుంది. సైజు కొలిచే డీఎల్ఎస్ మా దగ్గర లేదు, వైజాగ్ పంపించాలి, తెలిసినావిడ శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పొద్దున్నే బస్సెక్కుతుంటే ఆవిడ చేతికిచ్చాను. 200 చిల్లర నానోమీటర్లు, ఛార్జ్ పాజిటివ్.

రిలీజ్ మాత్రం బాలేదు. ఫాస్ఫేట్ సెలైన్, పీహెచ్ 7.4, 37 డిగ్రీలు, మొదటి రెండు మూడు గంటల్లోనే మూడో వంతు బయటికొచ్చేసింది. ఆ మూడో వంతు అంతా ఉత్త సిస్ప్లాటిన్, నేరుగా కిడ్నీకి వెళ్ళేదే. థీసిస్‌కి ఈ గ్రాఫ్ సరిపోద్ది, "24 గంటల పాటు నిదానంగా విడుదల" అని రాసుకోవచ్చు, నాకు మాత్రం సరిపోదు.

సెప్టెంబర్

మేడం ఇంకో ప్రశ్న వేశారు. "కైటోసాన్ బయట ఉంది కదా, ఇది రక్తంలోకి ఎక్కించేదా? కైటోసాన్‌తో రక్తం ఆపే బ్యాండేజీలు చేస్తారు తెలుసా?" నిజమే, గాయం మీద వేస్తే రక్తం గడ్డ కట్టిస్తుంది, పాజిటివ్ ఛార్జ్ ఎర్రకణాలని, ప్రోటీన్లని లాక్కుంటుంది. మాటలెందుకు, చూద్దాం అని ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టుకి వెళ్ళి రక్తం గడ్డ కట్టకుండా సిట్రేట్ వేసిన సీసాలో మేక రక్తం పట్టించుకొచ్చాను, కొట్టాయన "ఈ రగతం ఏటికమ్మా" అంటే క్యాన్సర్ మందు పరీక్షకి అని చెప్పాను, డబ్బులు తీసుకోలేదు. కణాలని కడిగి పార్టికల్స్‌తో కలిపి 540 నానోమీటర్ల దగ్గర చదివితే ఎర్రకణాలు చిట్లడం తక్కువే కానీ గుంపులు కట్టాయి. మైక్రోస్కోప్‌లో స్పష్టంగా కనపడింది.

కాబట్టి పైన ఇంకో పొర కావాలి. హయాలురోనిక్ యాసిడ్ అనుకున్నాం. అది నెగటివ్, మన ఒంట్లో ఉండేదే, పైగా నోరు గొంతు క్యాన్సర్ కణాల మీద సీడీ44 అనే రిసెప్టర్ (కణం మీద ఉండే కొక్కెం లాంటిది) ఎక్కువగా ఉంటుంది, ఇది దానికి అంటుకుంటుంది. అంటే కైటోసాన్ గొడవ తీరుతుంది, అడ్రసూ దొరుకుతుంది. ఖరీదే. ఇంకో చిక్కుంది, లివర్ కూడా హయాలురోనిక్ యాసిడ్‌ని పట్టుకుంటుంది, దానికి వేరే రిసెప్టర్లు ఉన్నాయి, అసలు ఏ నానోపార్టికల్ అయినా లివర్, ప్లీహం చాలావరకు మింగేస్తాయి. 2016లో ఒక పెద్ద లెక్క వేశారు, అప్పటికి పదేళ్ళలో జంతువుల్లో చేసిన స్టడీలన్నీ తీసి చూస్తే ట్యూమర్‌కి చేరింది ఇచ్చిన డోస్‌లో మధ్యస్థంగా 0.7 శాతం. వందలో ఒకటి కూడా కాదు. 1986లో మత్సుమురా, మయేదా చెప్పిన ఈపీఆర్, అదే ట్యూమర్ రక్తనాళాలు కారతాయి కాబట్టి పార్టికల్స్ అక్కడ పోగవుతాయి అన్నది, ఎలకల్లో బాగా కనపడినంత మనుషుల్లో కనపడట్లేదు.

మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఆ నంబర్ చూసి "అయితే ఇదంతా ఎందుకు అప్పా" అన్నాడు. నేను అన్నది ఒకటే, మిగతా 99 శాతం ఎక్కడికి పోయిందో అడుగు. డాక్సిల్ ఎందుకు నిలబడిందో చూడు, ట్యూమర్‌ని మామూలు డాక్సోరుబిసిన్ కంటే గొప్పగా కరిగించి కాదు, గుండెకి వెళ్ళే మందు తగ్గింది కాబట్టి. నాకు కిడ్నీకి అలాంటిది కావాలి.

బర్స్ట్ సంగతికొస్తే, రెండు మార్పులు చేశాం. ఒకటి, గొలుసు మీద ప్లాటినం తగ్గించాం, తక్కువుంటే ఒక్కో ప్లాటినంకి రెండు వైపులా కార్బాక్సిల్ దొరికి గట్టిగా పట్టుకుంటుందని మా లెక్క. రెండోది, పార్టికల్స్ అయ్యాక పైన ఊరికే అంటుకున్న మందుని ఒకసారి కొద్ది సెలైన్‌తో కడిగి, అప్పుడు హయాలురోనిక్ పొర వేశాం. మందు పట్టే మొత్తం తగ్గింది, అంటే అదే డోస్‌కి ఎక్కువ పార్టికల్స్ ఇవ్వాలి. మొదటి గంటల్లో కారేది మాత్రం పదో వంతుకి దగ్గరగా దిగింది. మేడం గ్రాఫ్ చూసి ఏమీ అనలేదు, ప్రింట్ తీసి తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు.

దసరా

ఇంటికెళ్ళాను. మా మామ్మ అడ్డపొగ తాగుతుంది, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, ఈసారి మాత్రం కూర్చోబెట్టి నోరు తెరిపించి ఫోన్ లైట్ వేసి చూశాను. అంగిలి తెల్లగా మందంగా, మధ్యలో ఎర్ర చుక్కలు, ఒక చోట పుండులా. మామూలుగా చుట్ట తాగేవాళ్ళకి అంగిలి తెల్లబడితే అంత భయం లేదు, అడ్డపొగ వాళ్ళకి అది క్యాన్సర్ ముందు మెట్టు కావచ్చు. మర్నాడే పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, ముక్క తీసి పంపారు, క్యాన్సర్ కాదని వచ్చింది, చుట్ట మానేయాలన్నారు. "నాకేటవుద్దే, మా అమ్మా ఇలాగే తాగింది" అంటూనే చుట్టల కట్ట మా నాన్న చేతికిచ్చేసింది. ఈ డైరీ మన వైపు వాళ్ళెవరైనా చదివితే ఇంట్లో పెద్దవాళ్ళ నోరు ఒకసారి చూడండి, రెండు మూడు వారాల్లో మానని పుండు, తెల్లమచ్చ, మింగుతుంటే నొప్పి ఉంటే ఆగొద్దు. తొందరగా పట్టుకుంటే చాలావరకు ఆపరేషన్‌తో పోతుంది, అసలు సిస్ప్లాటిన్ దాకా రాకపోవచ్చు.

అక్టోబర్

తుఫాను, కరెంటు లేదు. పార్టికల్స్ నీళ్ళలో ఎక్కువ కాలం నిలవట్లేదు, మెల్లగా అతుక్కుని పెద్దవవుతున్నాయి, మందూ కారుతోంది. ట్రెహలోజ్ అనే చక్కెర కలిపి ఫ్రీజ్ డ్రై చేస్తే పొడిగా ఉంటాయి, మళ్ళీ నీళ్ళు పోస్తే సైజు దాదాపు అంతే వచ్చింది.

నవంబర్

కణాల పరీక్ష బయట ల్యాబ్‌లో చేయించాం. కాల్-27 అనే నాలుక క్యాన్సర్ కణాలు, పక్కనే హెచ్‌కే-2 అనే కిడ్నీ గొట్టాల కణాలు. ఎంటీటీ పరీక్ష, బతికున్న కణాలు పసుపు రంగుని ఊదా చేస్తాయి, చచ్చినవి చేయవు. 24 గంటలకి ఉత్త సిస్ప్లాటినే ఎక్కువ చంపింది, మా పార్టికల్ వెనకబడింది, 72 గంటలకి కాల్-27లో రెండూ దగ్గరికొచ్చాయి. మందు మెల్లగా విడుదలయ్యేలా చేసిందే మనం, కాబట్టి ఇది రావాల్సిందే. హయాలురోనిక్ యాసిడ్ విడిగా ముందే పోసి రిసెప్టర్లు నింపేస్తే మా పార్టికల్ పని తగ్గింది, అంటే సీడీ44 దారినే వెళ్తోందనడానికి ఒక ఆధారం. కిడ్నీ కణాల్లో దెబ్బ తక్కువ.

ఇక్కడ జాగ్రత్త. ప్లేట్‌లో వడపోత ఉండదు, రక్త ప్రవాహం ఉండదు, లివర్ ఉండదు. కిడ్నీ కణాలు తక్కువ చచ్చాయి కాబట్టి కిడ్నీకి సేఫ్ అని రాసేస్తే అబద్ధం అవుతుంది. నేను అడిగిన మొదటి ప్రశ్నకి ప్లేట్ దగ్గర జవాబు లేదు.

ఇంకో మాట, మన వాళ్ళకి తెలియాలి కాబట్టి. ఈలోగా సిస్ప్లాటిన్ పడని నోరు గొంతు క్యాన్సర్ పేషెంట్లకి వేరే దారి లేదనుకోవద్దు. టాటా మెమోరియల్ వాళ్ళ ట్రయల్ 2023లో అచ్చయింది, రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన దానికంటే డోసిటాక్సెల్ కలిపి ఇస్తే ఎక్కువమంది బతికారు. వైజాగ్ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళదే. కిడ్నీ బాలేదని చెప్పి ఇంట్లో కూర్చోకుండా అక్కడికెళ్ళి అడగాలి. మా పార్టికల్ మనిషికి చేరాలంటే ఏళ్ళు పడుతుంది, చేరకపోనూవచ్చు.

డిసెంబర్

జంతువుల ఎథిక్స్ కమిటీకి అప్లికేషన్ రాస్తున్నాను. నాలుగు గ్రూపులు: సెలైన్ మాత్రమే, ఉత్త సిస్ప్లాటిన్, ఖాళీ పార్టికల్స్, మందున్న పార్టికల్స్. ఎలకల్లో సిస్ప్లాటిన్ కిడ్నీ దెబ్బ నాలుగైదు రోజులకి బాగా తెలుస్తుంది, అప్పటి క్రియాటినిన్, యూరియా చూసి, కిడ్నీ, లివర్ ముక్కల్లో ప్లాటినం ఎంతుందో బయట ఐసీపీ-ఎంఎస్‌లో (లోహాలు కొలిచే మెషిన్) కొలిపించాలి. లివర్‌ని వదిలేయొద్దని నేనే రాయించాను, కిడ్నీ బరువు తీసి లివర్ మీద పడేస్తే అది కూడా తెలియాలి.

ఇక్కడే మేడంతో రెండు రోజులు వాదన. నేను ఐదో గ్రూపు, ఆరో గ్రూపు అడిగాను. ఆరోగ్యంగా ఉన్న ఎలక కిడ్నీలో బాగుంది అంటే అది హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పేషెంట్‌కి జవాబు, మా ఊరి మనిషి కిడ్నీ ముందే సగం పోయి ఉంటుంది. మేతలో ఆడెనిన్ కలిపి పెడితే ఎలకకి కిడ్నీ జబ్బు వస్తుంది, ఇది అందరూ వాడే మోడలే, ఆ ఎలకల్లో ఉత్త మందు ఒక గ్రూపు, మా పార్టికల్ ఒక గ్రూపు. మేడం అన్నది కూడా న్యాయమే, ఎలకలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, టైం పెరుగుతుంది, కమిటీ "ఇన్ని జంతువులు ఎందుకు" అని అడుగుతుంది, అడగాలి కూడా. చివరికి "జస్టిఫికేషన్ పేజీ నువ్వే రాయి, ఒప్పించగలిగితే పెడదాం" అన్నారు.

ఆ పేజీ రాశాను. ఉద్దానం మండలాల పేర్లు, అడ్డపొగ సంగతి, సిస్ప్లాటిన్ ఎందుకు ఆపేస్తారో, ఆడెనిన్ గ్రూపుల్లో ఎలకల సంఖ్య ఎంత తగ్గించొచ్చో అంతా పెట్టాను. ఖాళీ పార్టికల్స్‌ని జబ్బు ఎలకలకి ఇవ్వక్కర్లేదని తీసేశాం, దాంతో కొంత తగ్గింది. మీటింగ్ సంక్రాంతి తర్వాత.